శుష్కకుడ్య విజయము

కావ్యమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలన్నారు ఆలంకారికులు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానవనం, మంత్రాలోచన, దండయాత్ర, యుద్ధం, నాయకాభ్యుదయం... జాబితా పెద్దది. వీటికోసం కవులు అయోధ్యకో హస్తినకో పరుగులు తీసిన రోజులు పోయాయి. అమెరికాలో రెండు కార్లు పట్టే గరాజు ఒక్కటి దొరికితే చాలు. మూల నిలబెట్టిన బీచి గొడుగు సముద్రం. సూట్‌కేసుల దొంతర పర్వతం. మంచు తోడే పార శిశిరం. మొరాయించిన గడ్డికోత యంత్రం ఉద్యానవనం. నేలమీద ఇంజనాయిలు మరక, కొంచెం నల్లగా ఉన్నా, పూర్ణచంద్రుడే.

కుకవినింద కూడా శాస్త్రవిహితమే కనక దాన్ని ముందే కానిచ్చేద్దాం. “ఇది చాలా సులువండీ” అని వీడియో మొదలెట్టి, కష్టమైన చోట కెమెరా కట్టేసి, గోడ పూర్తయ్యాక ఇస్త్రీ చొక్కాతో మళ్లీ ప్రత్యక్షమయ్యే పండితులందరికీ దూరం నుంచే నమస్కారం.

ఇక పురవర్ణన. న్యూజెర్సీ రాష్ట్రాన ఎడిసన్ అనే పట్టణం కలదు. 1954 దాకా దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. ఆ ఊరి మెన్లో పార్కులోనే ప్రయోగశాల పెట్టి లోకానికి బల్బు వెలిగించి చూపిన థామస్ ఎడిసన్ పేరు దానికి తర్వాత పెట్టుకున్నారు. ఓక్ ట్రీ రోడ్డు వెంట నగల దుకాణాలు ధగధగలాడుతూ, చీరలు రెపరెపలాడుతూ, మిఠాయిలు ఘుమఘుమలాడుతూ ఉంటాయి. అంతటి వెలుగుల పట్టణంలో మన కథాస్థలమైన గరాజుకున్నది ఒకే ఒక్క బల్బు. గొలుసు లాగితే, దానికి బుద్ధి పుడితే, వెలుగుతుంది.

ఆ గుడ్డివెలుగులో కనిపించే సామ్రాజ్యాన్ని ఏమని వర్ణించను? తూర్పున సోనా మసూరి బస్తాలు కోటగోడల్లే లేచి ఉన్నాయి. పడమర రెండో ఫ్రిజ్జు, దాని గర్భంలో ఆవకాయ జాడీలు, గోంగూర కట్టలు. ఉత్తరాన బొమ్మల కొలువు అట్టపెట్టెలు. ద్వారం దగ్గర కరెంటు పొయ్యి, ఇనప మూకుడు. ఇంట్లో చేపలు వేపితే పొగ అలారం కూస్తుంది, ఆ వాసన పరదాలకు పట్టి పండగదాకా వదలదు. అందుకని గరాజు తలుపు బార్లా ఎత్తి అక్కడే వేపుడు కానిస్తారు ఆ ఇంటివారు.

ఇంత వైభవానికీ గోడల్లేవు. బయటి మూడు గోడలకూ ఇల్లు కట్టిన నాటినుంచీ శుష్కకుడ్యపు పలకలే, అంటే డ్రైవాలే, పడలేదు. పదహారంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు, అంటే స్టడ్లు, పక్కటెముకల్లా బయటికే ఉన్నాయి. పైన ఒకప్పుడు కప్పు ఉండేది. పై అంతస్తు స్నానాలగదిలో పైపు పగిలిన రాత్రి అది గంగావతరణ ఘట్టాన్ని ప్రదర్శించి నేలకు ఒరిగింది. నాటినుంచీ అడ్డదూలాలు, అదే జాయిస్టులు, ఆకాశం కేసి, అంటే పడకగది నేల కేసి, దిక్కులేని చూపులు చూస్తున్నాయి.

ఈ రాజ్యానికి ప్రభువు గృహఋణధురంధరుడు, ముప్పయ్యేళ్ల కిస్తీదీక్షాపరుడు, వారమంతా కీబోర్డు మీద తప్ప సుత్తి మీద చెయ్యి వెయ్యనివాడు. కాంట్రాక్టరొకడు వచ్చి, బల్బు గొలుసు లాగి, పైకి చూసి, పెదవి విరిచి, కాగితం మీద ఒక అంకె వేసి పోయాడు. ఆ అంకె చూసి మన నాయకుడు భీష్మప్రతిజ్ఞ చేశాడు: “నేనే బిగిస్తాను.” ఇల్లాలు తలెత్తి చూసి, “సరే, మందుల పెట్టె ఎక్కడుందో ఒకసారి చూసుకోండి” అంది.

అంతట మంత్రాలోచన. సభలో ముగ్గురు: నాయకుడు, ఆర్నెల్లకని వచ్చిన మామగారు, బిర్యానీ ఆశ చూపి జెర్సీ సిటీ నుంచి రప్పించిన బావమరిది. నాయకుడు లెక్క విప్పాడు. గరాజు ఇరవై అడుగులు పొడవు, ఇరవై వెడల్పు, ఎనిమిది ఎత్తు. ఇంటిని ఆనుకున్న గోడకు పలక ముందే ఉంది. మిగిలిన మూడు గోడలు 480 చదరపు అడుగులు, అందులోంచి పదహారు బై ఏడు తలుపు తీసేస్తే 368. కప్పు 400. నాలుగు బై ఎనిమిది పలక ఒక్కోటి 32 చదరపు అడుగులు కప్పుతుంది. గోడలకు పన్నెండు, కప్పుకు పదమూడు. కోతల్లో పోయేవాటికి ఇంకో రెండు. వెరసి 27. పలకకు పద్దెనిమిది డాలర్ల చొప్పున వేసుకున్నా ఐదువందలు దాటదు. కాంట్రాక్టరు అంకె తోక కత్తిరించిన బల్లిలా గిలగిల్లాడింది.

“అన్నీ ఒకే రకం పలకలు తెచ్చేద్దాం బావా, చవకవి” అన్నాడు బావమరిది. ఇక్కడ నాయకుడు ధర్మశాస్త్రం తీశాడు. అమెరికాలో చాలా ఊళ్లు పాటించే ఐ.ఆర్.సి. అనే నివాస నియమావళి గరాజును అనుమానంగానే చూస్తుంది. పెట్రోలు, పెయింటు, కార్లు, ఆపైన మన మూకుడు: నిప్పు పుట్టడానికి ఇంతకన్నా యోగ్యమైన గర్భాలయం ఇంట్లో లేదు. అందుకని ఇంటికీ గరాజుకీ మధ్య గోడకు అరంగుళం జిప్సం పలక ఉండాలంటుంది. పైన పడకగది ఉంటే, కప్పుకు ఐదు బై ఎనిమిది అంగుళాల మందం ఉన్న ‘టైప్ ఎక్స్’ పలకే వెయ్యాలి, దాన్ని జాయిస్టులకు అడ్డంగా బిగించాలి, ఆరంగుళాలకొక స్క్రూ దిగాలి. ఆ కప్పును మోసే గోడలకు కూడా అరంగుళం పలక తొడగాలి. పొదుపు అన్నిచోట్లా చెల్లుతుంది, పిల్లలు పడుకునే గది కింద చెల్లదు.

మామగారు నమూనా ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి, అంచు వాసన చూశారు. “అల్లుడుగారూ, ఇది అట్టకదండీ! మా తెనాలిలో గోడకు మేకు కొడితే మేకు వంగాలి. ఇక్కడ గోడే వంగేట్టుంది.”

“మావయ్యగారూ, దీని వంశం తక్కువది కాదండీ” అంటూ నాయకుడు వంశావళి ఎత్తుకున్నాడు. దీనికి మూలపురుషుడు ఆగస్టీన్ సాకెట్. కాగితం పొరల మధ్య ప్లాస్టరు పోసి పలక చేసే విధానానికి ఆయన 1894లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ ఆ వంశాన్ని దత్తత చేసుకుంది. మరి కొన్నేళ్లకు షీట్‌రాక్ అనే పేరుతో పట్టాభిషేకం జరిగింది. అయినా ప్రజలు చాలాకాలం చెక్కబద్దల మీద తడి ప్లాస్టరునే నమ్ముకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో పనివాళ్లు కరువయ్యారు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన సైనికులకు లక్షల ఇళ్లు గబగబా కావలసి వచ్చాయి. ప్లాస్టరు ఆరడానికి వారాలు పడుతుంది, పలక బిగించడానికి రోజులు చాలు. దాంతో రాజ్యం చేతులు మారింది.

“వంశం సరేనండీ, నిప్పంటుకుంటే?” అన్నారు మామగారు. అసలు మర్మం అక్కడే ఉంది. జిప్సం అంటే నీళ్లు కడుపులో దాచుకున్న రాయి. దాని బరువులో ఇంచుమించు అయిదో వంతు నీరే, స్ఫటికాల్లో బంధించి ఉంటుంది. మంట తగిలితే ఆ నీరు ఆవిరై పోవాలి. అదంతా పోయేదాకా పలక వెనకవైపు వేడి నూరు డిగ్రీల సెల్సియస్ దగ్గరే మొండికేస్తుంది. టైప్ ఎక్స్‌లో అదనంగా గాజు నారలుంటాయి. నీరంతా పోయాక కూడా పలక పొడిపొడిగా రాలిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. మన ఆయుర్వేదంలో జ్వరానికి వాడే గోదంతి భస్మం కూడా ఈ జిప్సంతో చేసిందే. ఒంటి తాపానికి అక్కడ, ఇంటి తాపానికి ఇక్కడ. ఆవేశం ఆపుకోలేక నాయకుడు ఆటవెలది అందుకున్నాడు:

కాగితాల నడుమ గట్టిపాటి సుధను
పెట్టి పలక చేసి బిగియగొట్టి
నిప్పు వచ్చినపుడు నీటియావిరినిచ్చి
కాచునట్టి గోడ కాగితంబె?

మామగారు “ఊఁ” అన్నారు. అది సమ్మతి అని సభ తీర్మానించింది. సోమవారం టౌన్‌షిప్ భవన విభాగానికి వెళ్లి, అనుమతి అక్కర్లేదా, కావాలా అన్న సంగతి ముందే అడిగి తెలుసుకున్నారు. గోడ కట్టాక అడిగేవాడికన్నా కట్టకముందు అడిగేవాడికి ఎప్పుడూ ఖర్చు తక్కువ.

అంత దండయాత్ర. రథం టొయోటా సియెన్నా. సీట్లు తీసేసిన మినీవ్యాను కడుపులో నాలుగు బై ఎనిమిది పలక పరుపులా పడుకుంటుందన్న సత్యాన్ని తెలుగువారు చాలాకాలంగా పరుపులు మోసి, సోఫాలు మోసి, పట్టభద్రులైన మేనల్లుళ్ల సంసారాలు మోసి తెలుసుకున్నారు. అయితే అరంగుళం పలక ఇంచుమించు యాభై పౌండ్లు, టైప్ ఎక్స్ డెబ్బై. మొత్తం పదహారువందల పౌండ్ల సేన. ఒక్కసారే ఎక్కిస్తే రథచక్రం భూమిలో కుంగి కర్ణుడి కథ అవుతుంది. అందుకని విడతలు విడతలుగా, నిదానంగా తరలించారు.

దుకాణంలో నాయకుడి రాజనీతి చూడదగింది. మూల విరిగిన పలకలు తక్కువ ధరకిస్తారు. తలుపు పక్కన, స్విచ్చుల చుట్టూ ఎటూ ముక్కలే కావాలి కనక గోడలకు అవి నాలుగు. ఎవరో రంగు కలిపించుకుని, ఇంటికెళ్లి భార్యకు నచ్చక వదిలేసిన పెయింటు డబ్బాలు ఒక మూల దీనంగా ఉంటాయి, అవి సగం ధరకన్నా తక్కువ. పలక ఎత్తే యంత్రం కొనక్కర్లేదు, ఒక రోజు అద్దెకు చాలు. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వారి రీస్టోర్ దుకాణంలో వాడిన తాపీలు, లప్పం కలిపే పళ్లేలు దొరుకుతాయి. పొదుపు చెయ్యకూడనివి మూడే: పలక మందం, స్క్రూల సంఖ్య, ముక్కుకు మాస్కు.

పలకలు లేవకముందే బయటి గోడల స్టడ్ల సందుల్లో గులాబీరంగు ఫైబర్‌గ్లాసు ఇన్సులేషను పరుపులు దోపారు. ఆ అందం చూసి ముట్టుకున్నవాడికి రెండు రోజులు దురద వరం. వాటి ముఖాన ఉన్న గోధుమరంగు కాగితం నిప్పుకు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, దాన్ని తెరిచి వదలకుండా పలక కప్పే తీరాలి.

ఇక యుద్ధం. వ్యూహం ప్రకారం మొదట కప్పు, తర్వాత గోడలు. గోడల్లో పైవరస ముందు, కిందివరస తర్వాత. అలా చేస్తే గోడ పలకలు కప్పు అంచుల్ని కింద నుంచి మోసి నిలబెడతాయి. గోవర్ధనగిరిని కృష్ణుడు చిటికెనవేలిమీద నిలిపాడు, నాయకుడికి చక్రం తిప్పే యంత్రముంది. చక్రం తిరిగేకొద్దీ డెబ్బై పౌండ్ల పలక తెల్లని మేఘంలా పైకి లేచింది. కింద బావమరిది దాని నీడలో నిలబడి, తన వీసా స్టేటసును ఒకసారి తలుచుకున్నాడు.

పలక జాయిస్టులను తాకగానే శరవర్షం. కప్పు పలక ఒక్కోటి ఏడు జాయిస్టుల మీదుగా పోతుంది, ఒక్కో జాయిస్టుకు తొమ్మిది స్క్రూలు. పలకకు 63. గోడల మీద పదహారంగుళాలకొకటి, పలకకు 28. మొత్తం సేన సుమారు 1,150. గోడకు అంగుళంపావు స్క్రూ, కప్పుకు దాదాపు రెండంగుళాలది. ఇక్కడొక యుద్ధనీతి ఉంది. స్క్రూ తల కాగితాన్ని కొంచెం లోపలికి నొక్కాలి, చీల్చకూడదు. కాగితం చిరిగిందా, ఆ స్క్రూ పట్టు పోయినట్టే, పక్కనే మరొకటి దిగాలి. డింపుల్ బిట్ అని కొద్ది డాలర్లకు దొరికే చిన్న ముక్క డ్రిల్లుకు తగిలిస్తే, సరిగ్గా అంత లోతుకే ఆగిపోతుంది. భీముడికి గద ఇచ్చినా ఆగడం నేర్పలేకపోయారు, ఈ ముక్క నేర్పుతుంది.

ఛేదనం సంగతి. పలకను రంపంతో కోస్తే పిండిమర. కత్తితో ముందు కాగితాన్ని గీసి, మోకాలితో వెనక నుంచి ఒక్క తోపు తోస్తే గీత వెంట టప్పున విరుగుతుంది. వెనక కాగితాన్ని కత్తితో తెంపితే సరి. శివధనుర్భంగం చేసినంత చప్పుడు, కానీ పెళ్లి జరగదు. గోడ పలక కిందంచు కాంక్రీటు నేలకు అరంగుళం ఎత్తులో ఆగాలి. మంచు కరిగి కారుతున్న టైర్ల నీళ్లను కాగితం పీల్చుకుంటే ఆరునెలల్లో బూజు రాజ్యమేలుతుంది.

యుద్ధం మధ్యలో శృంగారం లేకపోతే కావ్యం శుష్కమౌతుంది. గోడలో ఎక్కడెక్కడ ప్లగ్గు పెట్టెలున్నాయో పలక మీద గుర్తించాలి. కొలతలు తీస్తే పావంగుళం తేడా రావడం కర్మఫలం. అప్పుడు ఇల్లాలు లోపలికెళ్లి, పెళ్లినాడు కొని వాడకుండా దాచిన ఎర్ర లిప్‌స్టిక్ తెచ్చి ఇచ్చింది. దాన్ని ప్లగ్గు పెట్టె అంచులకు పులిమి, పలక తెచ్చి ఒక్కసారి గట్టిగా అదిమి తీస్తే, పలక వెనక నలుచదరపు ముద్దు ముద్ర స్పష్టంగా పడుతుంది. ఆ ముద్ర వెంట చిన్న రంపంతో కోస్తే పెట్టె నోరు పలకలో సరిగ్గా ఇమిడిపోతుంది. అంతటి ముద్దు నాకెప్పుడూ దక్కలేదని నాయకుడు నిట్టూర్చాడు. మామగారు చూడనట్టు ఫ్రిజ్జు తలుపు తీశారు.

ఇక అతుకుల పర్వం. పలక పొడవాటి అంచులు కొంచెం పలచబడి వస్తాయి, రెండు అంచులు కలిసినచోట లోతులేని లోయ ఏర్పడుతుంది. ఆ లోయలో మడ్, అంటే మనవాళ్లు లప్పం అనేది, పులిమి, దానిమీద కాగితపు టేపు పరిచి, ఆరంగుళాల కత్తితో ఒరుసుకుంటూ లాగాలి. టేపు కింద లప్పం చాలకపోతే బుడగలు లేస్తాయి, ఎక్కువైతే గుట్టలు. పొడవంచుల అతుకు సాధువు, కురచ అంచుల అతుకు ఉగ్రుడు. కురచ అంచులకు లోయ ఉండదు, వాటిమీద ఏం వేసినా ఉబ్బెత్తే. వీలైనంతవరకు అవి తక్కువ వచ్చేట్టు పలకలు పరచడమే దానికి మందు. కొత్తవారు బకెట్లో తయారుగా వచ్చే లప్పం వాడాలి. పొడి కలిపి వాడే రకం ఇరవై నిమిషాలది, నలభై అయిదుది, తొంభైది ఉంటాయి. ఇరవై నిమిషాలది కొన్నవాడు కలుపుతూ కలుపుతూ ఉండగానే బకెట్లో శివలింగం ప్రతిష్ఠ అవుతుంది.

ఇప్పుడు కథ మలుపు తిరిగింది. ఆ రాత్రి నాయకుడు ఆ వీడియోపండితుల సభకే మళ్లీ వెళ్లాడు. అక్కడ అద్దంలా మెరిసే గోడను చూశాడు. తెల్లవారేసరికి అతని కంట్లో కొత్త వెలుగుంది: “లెవెల్ ఫైవ్ చేస్తాను.” జిప్సం సంఘం వారు పలక పనికి సున్నా నుంచి అయిదు దాకా మెట్లు కట్టారు. మొదటి మెట్టు: అతుకుల మీద టేపు మడ్‌లో అతికితే చాలు. రెండో మెట్టు: టేపు మీదా స్క్రూ తలల మీదా ఒక పలచని పూత. అందంతో పనిలేని గరాజులు, గిడ్డంగులు, ఇలాంటి చోట్లకు వారు సూచించింది ఈ రెండో మెట్టే. నాలుగోది మామూలు హాలు గోడకు. అయిదోది గోడంతా పలచగా లప్పం పూసి, పక్కనుంచి ఏటవాలు వెలుగు పడినా అలలు కనపడనంత నునుపు చెయ్యడం. అది మెరిసే రంగులు వేసే దివాన్‌ఖానాలకు.

లెవెల్ ఫైవ్ అంటే ఇంకొన్ని బకెట్లు, ఇంకొన్ని వారాంతాలు, ఆపైన గరుకు కాగితంతో రుద్దుడు. రుద్దితే ధూళి. ధూళి అంటే ఇతిహాస యుద్ధాల్లో సూర్యుణ్ని కప్పేసిన ఆ ధూళే. బస్తా బియ్యంలోకి, ఆవకాయ మూతలోకి, బొమ్మల కొలువులో రాముడి కిరీటంలోకి దూరి తిష్ఠ వేస్తుంది. ఇంటి పాత గోడల విషయంలో అది ఇంకా ప్రమాదం. పాత రోజుల అతుకుల లప్పంలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. ఇళ్లలో వాడే అలాంటి లప్పాలను అమెరికా ప్రభుత్వం 1977లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత పలక అతుకును పరీక్ష చేయించకుండా రుద్దడం హాలాహలాన్ని ముక్కుతో పీల్చడమే, పైగా మింగి మెడలో నిలుపుకునే శక్తి మనకు లేదు.

నాయకుడు గరుకు కాగితం చేతపట్టాడు. గాండీవం దించిన అర్జునుడికి గీత కావలసి వచ్చింది, గరుకు కాగితం దించని మన నాయకుడికీ కావాలి. గీతాచార్యుడి పాత్ర బావమరిదిది. నిన్నటి కప్పు పలకల బరువుకు భుజం ఇంకా నొప్పి పెడుతోంది. ఆ నొప్పిలోంచే జ్ఞానం, జ్ఞానంలోంచే పద్యం పుట్టాయి:

కారు చూడబోదు గచ్చుసున్నపు నిగ్గు
బస్తయడుగబోదు పాలిషింగు
ఒక్క పూత చాలు, ఊరకుండుము బావ!
ఆగుటెరుగువాడె యసలు జేత

సభ నిశ్శబ్దమైంది. ఆలోచిస్తే ఈ కావ్యం మొత్తంలో డబ్బు మిగిల్చింది మూల విరిగిన పలకలు కాదు, తప్పుగా కలిపిన పెయింటూ కాదు. ఎక్కడ మందం తగ్గించకూడదో తెలియడం, ఎక్కడ నునుపు కోరకూడదో తెలియడం. కప్పులో ఆరంగుళాలకు స్క్రూ తప్పకుండా దిగాలి, గోడమీద కత్తి గీత కనపడితే ఏమీ కాదు. మొదటిది పిల్లల ప్రాణం, రెండోది నాన్నగారి పరువు. పరువుకు గరాజులో చదరపు అడుగుకింత అని ధర ఉంటుంది. నాయకుడు గరుకు కాగితం కింద పెట్టాడు.

మిగిలింది కొద్దిపాటి పని. కొత్త కాగితం రంగును ఆబగా తాగేయకుండా పి.వి.ఏ. ప్రైమరు ఒక పూత, దానిమీద ఎవరి భార్యకో నచ్చని రంగు. ఆ రంగుకు పేరు డబ్బా మీద చెరిగిపోయింది. ఇల్లాలు పసుపంది, బావమరిది ఆకుపచ్చన్నాడు, మామగారు దాన్నసలు రంగే కాదన్నారు. గరాజుకు అది సరిపోయింది. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు వచ్చి, కప్పుకేసి చూసి, స్క్రూల మధ్య దూరం టేపుతో కొలిచి, ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఋషులు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు.

ఫలశ్రుతి. ఈ శుష్కకుడ్య విజయమును భక్తితో చదివినవారికి కాంట్రాక్టరు కొటేషను చూడగానే మూర్ఛ రాదు. విన్నవారికి కప్పు పలక కోసం అద్దె యంత్రం వారాంతంలోనూ దొరుకును. రాసి పంచిపెట్టినవారికి కురచ అంచుల అతుకులు తక్కువ పడును. మాస్కు లేకుండా రుద్దినవారు తెల్లారేసరికి తెల్లబారుదురు. గరాజులో లెవెల్ ఫైవ్ కోరినవారు మరుజన్మలో గరాజై పుట్టి, ఇతరుల లెవెల్ ఫైవ్‌కు గోడలిత్తురు.

ఇది గృహఋణధురంధరుండును, బావమరదిపద్యప్రబోధితుండును నగు నాయకునిచే బిగింపబడిన శుష్కకుడ్య విజయంబను మహాప్రబంధంబునందు సర్వంబును ఏకాశ్వాసము. రెండవ ఆశ్వాసము లేదు. రెండవ పూత అంతకన్నా లేదు.